చపాతీలు, మొలకలు తింటున్నా పొట్ట కుదుటపడటం లేదా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాను, ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో పని. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తగ్గాక వాంతులు, విరేచనాలు పట్టుకుని వారం రోజులు మంచాన పడ్డాను. అప్పటి నుంచి పొట్ట బాగుండటం లేదు. పొద్దున్నే టిఫిన్ తిన్న వెంటనే పరుగెత్తాలి. షాపుకి బయల్దేరేలోపు మూడు నాలుగుసార్లు వెళ్తాను. మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది, వెళ్లొస్తే తగ్గుతుంది. సాయంత్రానికి పొట్ట ఉబ్బి ప్యాంటు బిగుసుకుపోతుంది. అమీబియాసిస్ అని చాలాసార్లు మాత్రలు ఇచ్చారు. వాడినన్నాళ్లూ కాస్త నయం, తర్వాత మళ్లీ మామూలే. కారం, పచ్చళ్లు మానేశాను. రాత్రి అన్నం బదులు చపాతీలు, పొద్దున మొలకలు తింటున్నాను. ఇంకా ఎక్కువైంది. హైదరాబాద్ బస్సెక్కాలంటే టెన్షన్. ఇది క్యాన్సర్‌కి దారితీస్తుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. అది తేలకపోతే మిగతాది చదవబుద్ధి కాదు. మీరు రాసిన లక్షణాలన్నీ ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌కి, అంటే ఐబీఎస్‌కి సరిపోతున్నాయి. అది క్యాన్సర్‌గా మారదు. నొప్పి మొదలై ఆరు నెలలు దాటి, గత మూడు నెలల్లో వారానికి ఒక్కరోజైనా వస్తూ, విరేచనానికి వెళ్లడంతో ముడిపడి ఉంటే మేం మొదట ఆలోచించేది దీన్నే.

ఇందులో పేగుకి పుండు ఉండదు. కెమెరా గొట్టంతో లోపల చూసే స్కోపీ చేసినా మామూలుగానే కనిపిస్తుంది. అందుకే ‘నీకేం లేదయ్యా, అంతా నీ భ్రమ’ అనేవాళ్లు ఎదురవుతుంటారు. భ్రమేమీ కాదు. పేగు కదలికల వేగం మారుతుంది, అక్కడి నరాలు కొద్దిపాటి గ్యాస్‌ని కూడా నొప్పిగా తీసుకుంటాయి. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం అందరికీ ఉండేదే. మీకు అది మరీ గట్టిగా జరుగుతోంది, అందుకే ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టీ పెట్టకముందే పరుగు. తిన్నది తిన్నట్టే దిగిపోతోందని మాత్రం బెంగపడకండి, అప్పుడు బయటికొచ్చేది నిన్నమొన్నటిది.

వరదతో సంబంధం ఉందా అంటే, ఉండే అవకాశమే ఎక్కువ. పేగుకి గట్టి ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఇలా మిగిలిపోతుంది. క్రిములు ఎప్పుడో పోయి ఉంటాయి, పేగుకి ఆ చిరాకు మాత్రం పోదు. ఇలా మొదలైన ఐబీఎస్ చాలామందిలో ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిస్తుంది.

అమీబియాసిస్ విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. మన వైపు పొట్ట ఎప్పుడు పాడైనా అమీబియాసిస్ అనేసి మెట్రోనిడజోల్ రాసివ్వడం పాత అలవాటు. ఆ జబ్బు తెచ్చే క్రిమి ఒక రకం అమీబా. అచ్చం దానిలాగే ఉండి ఏ హానీ చేయనిది ఇంకొకటి ఉంది. మైక్రోస్కోపులో రెండింటి సిస్టులూ, అంటే గట్టి పొర కప్పుకుని మలంలో బయటికొచ్చే రూపాలు, ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి రిపోర్టులో ‘సిస్టులు’ అని రాసినంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు. నిజంగా అమీబియాసిస్ అయితే సరిగ్గా వాడిన కోర్సుకి లొంగుతుంది, ఇలా ఏళ్ల తరబడి కోర్సు మీద కోర్సు అక్కర్లేదు. మెట్రోనిడజోల్ ఎక్కువకాలం వాడితే నోరు చేదు సరే, అరికాళ్లలో తిమ్మిర్లు కూడా రావచ్చు. పైగా యాంటీబయాటిక్స్ పేగులో ఉండే మంచి బ్యాక్టీరియాని కూడా దెబ్బతీస్తాయి. ఇకమీదట పరీక్ష లేకుండా ఎవరైనా ఆ మాత్రలు ఇస్తే వేసుకోవద్దు.

ఇక తిండి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది చపాతీలు, మొలకల మాట. మీరు మంచికే మార్చుకున్నారు, కానీ మీ పొట్టకి అవి రెండూ పడేవి కావు. గోధుమలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు ఉంటాయి. వాటిని మన చిన్నపేగు అరిగించుకోలేదు, అవి తిన్నగా పెద్దపేగులోకి వెళ్లి పులిసి గ్యాస్ పుట్టిస్తాయి. శనగలు, అలసందలు, వాటి మొలకల్లో ఉండే పిండిపదార్థాలదీ ఇదే దారి. అరగని ఇలాంటి పదార్థాలు ఉండే తిండిని తగ్గించే పద్ధతినే లో ఫాడ్‌మ్యాప్ ఆహారం అంటారు, మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించారు. వరి అన్నం దాదాపు అంతా చిన్నపేగులోనే అరిగిపోతుంది. కాబట్టి షుగర్ లేకపోతే రాత్రిపూట రెండు చపాతీల స్థానంలో నిక్షేపంగా అన్నం తినండి.

మీరు కారం మీద పెట్టిన నేరం సగమే నిజం. గుంటూరు మిరపకాయలోని ఘాటు పేగు నరాలని రెచ్చగొడుతుంది, దాన్ని తగ్గించడం మంచిదే. అయితే కూరలో కారం తగ్గించి, తాలింపులో ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, రెండు పెద్ద ఉల్లిపాయలు అలాగే ఉంచితే ఫలితం ఉండదు. ఫ్రక్టాన్లు వాటిలోనూ దండిగా ఉంటాయి. పచ్చడి తిన్నప్పుడు నొప్పి వస్తే దానికి కారణం కారమే కానక్కర్లేదు, అందులోని వెల్లుల్లి కావచ్చు. ఇందుకని ఇంట్లో ఆవిడ చేత మీకు వేరే వంట చేయించనక్కర్లేదు. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. నూనెలో వెల్లుల్లి రెబ్బలు దోరగా వేగనిచ్చి, నీళ్లతో ఉన్నవేవీ వేయకముందే గరిటెతో తీసి పక్కన పెట్టేస్తే వాసన నూనెలో ఉంటుంది, రెబ్బలు పిల్లల కంచంలోకి వెళ్తాయి. చిటికెడు ఇంగువ కూడా వెల్లుల్లి లోటు బాగానే తీరుస్తుంది.

ఒక నాలుగు వారాలు ఇలా చేసి చూడండి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, మొలకలు, శనగలు, గ్లాసెడు పాలు ఆపండి. కందిపప్పు బదులు పొట్టు తీసిన పెసరపప్పు కొద్దిగా వండించుకోండి. బీర, పొట్ల, వంకాయ, టమాటా, క్యారెట్ తినొచ్చు. క్యాబేజీ, కాలీఫ్లవర్ కొన్నాళ్లు వద్దు. పండ్లలో బొప్పాయి, కమలా, మరీ మగ్గని అరటిపండు సరిపోతాయి. నూజివీడు రసాలు ఎంత నోరూరించినా ఒకటి రెండు ముక్కల దగ్గర ఆగండి. పెరుగులో పాలకన్నా లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) తక్కువ, పలుచటి మజ్జిగ చాలామందికి పడుతుంది.

నాలుగు వారాలయ్యాక కొంతైనా తేడా కనిపిస్తే, ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చుకోండి. మూడు రోజులు గోధుమ, కాస్త విరామం, తర్వాత మూడు రోజులు ఉల్లి, ఇలాగన్నమాట. ఏం తిన్నారో, ఎన్నిసార్లు వెళ్లారో చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. ఈ పని చేయకుండా మొదటి నాలుగు వారాల తిండినే జీవితాంతం పట్టుకు వేలాడేవాళ్లే ఎక్కువ. అది పొరపాటు. అలా చేస్తే పీచు, కాల్షియం తగ్గిపోతాయి, మనిషి నీరసపడతాడు. చాలామందికి తేడా చేసేవి రెండు మూడే తేలతాయి, మిగతావన్నీ హాయిగా తినొచ్చు. తేడా ఏమీ కనిపించకపోతే మానేసినవన్నీ తిరిగి మొదలుపెట్టండి, తిండి మీద ఇంకా కత్తిరింపులు వద్దు.

పీచు కోసం గోధుమ తవుడు జోలికి వెళ్లకండి. ఇసబ్‌గోల్ ఒక టీస్పూన్ గ్లాసు నిండా నీళ్లలో కలిపి తాగండి. అది మలబద్ధకానికే అనుకుంటారు గానీ, పలుచటి విరేచనాన్ని కూడా గట్టిపరుస్తుంది. మొదటి వారం కాస్త గ్యాస్ అనిపించవచ్చు. షాపులో రోజుకి ఎన్ని టీలు తాగుతారో మీరు రాయలేదు కానీ ఆటోనగర్ సంగతి నాకు తెలుసు, రెండుకి కుదించండి. షాపు మూసి పదిన్నరకి కడుపు నిండా తిని పడుకోవడం కన్నా, ఎనిమిదింటికి బాక్సు అక్కడే తినేయడం నయం. రోజూ అరగంట నడవండి.

బస్సు భయం మామూలే. మెదడుకి, పేగుకి నరాల సంబంధం ఉంది. ‘దారిలో వస్తే ఎలా’ అనే ఆలోచనే పేగుని కదిలిస్తుంది. ప్రయాణం రోజు పొద్దున టీ మానేసి, తేలికగా తినండి. మీ డాక్టర్ సరే అంటే బయల్దేరే ముందు విరేచనాలని ఆపే లోపరమైడ్ మాత్ర ఒకటి వేసుకోవచ్చు, జ్వరం గానీ రక్తం గానీ ఉన్నప్పుడు మాత్రం వద్దు. నొప్పి ఎక్కువగా ఉండేవాళ్లకి పేగు పట్టు సడలించే మందులున్నాయి. డిప్రెషన్‌కి వాడే మందుల్లో ఒక రకాన్ని బాగా తక్కువ మోతాదులో పేగు నరాల కోసం ఇస్తాం. చీటీ మీద ఆ పేరు చూసి కంగారుపడి మానేయకండి.

ఇదంతా చెప్పాక కూడా, ఉత్తరం చదివి ఐబీఎస్ అని ముద్ర వేయడం సరికాదు. బరువు తగ్గారా, మలంలో రక్తం పడుతోందా, నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వస్తోందా, సాయంత్రాలు జ్వరం వస్తోందా అన్నవి మీరు రాయలేదు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా, తిండి ప్రయోగాలు పక్కన పెట్టి వెంటనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టుని కలవండి. పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్, పేగు టీబీ మొదట్లో ఇలాగే మొదలుకావచ్చు, వాటి వైద్యం పూర్తిగా వేరు. పేగు టీబీ మన దేశంలో అరుదేమీ కాదు. అవేవీ లేకపోయినా రక్తహీనత, థైరాయిడ్, ఒంట్లో వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీ పరీక్షలు, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ ఒకసారి చేయించుకోండి. ఆ చివరిది పేగులో వాపు ఉందో లేదో చెబుతుంది, అది మామూలుగా వస్తే మీ వయసులో చాలాసార్లు కొలనోస్కోపీ అవసరమే రాదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నోట్‌బుక్‌తో పాటు ఇంతవరకు వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లండి. ‘ఆ పసుపు మాత్ర, ఈ పెద్ద మాత్ర’ అంటే మాకెవరికీ అంతుపట్టదు.