ఒక్క వేలితో చూపించు

చిరంజీవి మేనల్లుడికి తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు.

మూడు వారాలుగా గజ్జల్లో నొప్పి అంటూనే చిత్తూరులో కబడ్డీ ప్రాక్టీసుకు వెళ్తున్నావని నిన్న అక్క ఫోనులో చెప్పింది. రాత్రి బామ్ రాసుకోవడం, పొద్దున్నే కోర్టులో దిగడం. ముందు ఆ పని మానెయ్యి. కండ పట్టేసిందని నీకు నువ్వే తీర్పు చెప్పుకోవద్దు. గజ్జల దగ్గర కండలు, ఎముకలు, తుంటి కీలు, పేగు జారే దారి, అన్నీ జానెడు చోటులోనే ఉంటాయి. ఏది నొచ్చినా నొప్పి అక్కడే తెలుస్తుంది.

నిలబడి, నొప్పి ఎక్కడుందో అరచేత్తో కాదు, ఒక్క వేలితో చూపించు. తొడ లోపలి వైపు పైదాకా తడిమితే తాడులా ఒక కండ తగులుతుంది. వేలు దాని మొదట్లో ఆగితే, కాళ్లను దగ్గరకు లాగే కండకు దెబ్బ తగిలి ఉండవచ్చు. ఆటగాళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. కూతకు వెళ్లి బోనస్ గీత కోసం కాలు చాచినప్పుడు, పట్టు నుంచి ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు భారమంతా దాని మీదే పడుతుంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, మధ్యలో పిడికిలి పెట్టి మోకాళ్లతో నొక్కు. నీకు తెలిసిన నొప్పే అదే చోట వస్తే అనుమానం బలపడుతుంది.

మోకాలిని పైకి లేపేటప్పుడు తొడ ముందు భాగం లాగితే వేరే కండ. దగ్గినా తుమ్మినా గజ్జ మడత పైన పొడిస్తే అక్కడి పొర బలహీనపడి ఉండవచ్చు. ఉబ్బు కూడా ఉంటే హెర్నియా, అంటే పేగు జారడం, ఉందేమో చూడాలి. వేలితో చూపించలేక, బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్లు ముందుకు వచ్చేలా తుంటినే పట్టుకోవాలనిపిస్తే కీలు లోపలే ఏదో ఉండవచ్చు. 2014లో 14 దేశాల నిపుణులు 24 మంది దోహాలో సమావేశమై గజ్జ నొప్పిని ఇలాగే చోటును బట్టి విభజించారు. స్కానింగు కంటే ముందు చేత్తో చేసే పరీక్షకే వాళ్లు విలువ ఇచ్చారు. నొప్పి లేని ఆటగాళ్ల స్కానింగుల్లో కూడా మార్పులు కనిపిస్తుంటాయి మరి.

ఇది చెప్పకుండా ఉండలేను. నా దగ్గర దూరపు పరుగు సాధన చేసిన ఒక అమ్మాయి గజ్జల్లో నొప్పి అంటే, నేనే రెండు వారాలు అలిపిరి మెట్లు ఎక్కించాను. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఒంటికాలి మీద గెంతమంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంఆర్ఐ తీస్తే తొడ ఎముక మెడ దగ్గర సన్నని పగులు. ఇంకొన్నాళ్లు పరిగెత్తించి ఉంటే ఎముక విరిగిపోయేదని డాక్టరు అన్నారు. ఆ మాట ఈ రోజుకీ నన్ను వదల్లేదు. అందుకే అడుగుతున్నాను, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటోందా? గెంతితే పొడుస్తోందా? ఒకటి ఉన్నా వెంటనే ఆట ఆపెయ్యి, ఆ కాలి మీద బరువు వెయ్యకు, మరునాటికి వాయిదా వెయ్యకుండా డాక్టరు దగ్గరకు వెళ్లు.

సిగ్గుపడకుండా విను. వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి మొదలైతే అది ఆట దెబ్బ అనుకోవద్దు, గంటల లెక్కలో ఆసుపత్రికి చేరాలి. మూత్రంలో మంటతో, జ్వరంతో వచ్చే నొప్పి కూడా కండలది కాదు.

లోపలి తొడ కండే అని తేలితే భయపడాల్సిందేమీ లేదు. అయితే మంచం మీద పడుకుంటే తగ్గదు, మాలిష్‌తోనూ తగ్గదు. ఫిజియో చెప్పిన వ్యాయామాలు మెల్లమెల్లగా పెంచుకుంటూ రెండు మూడు నెలలు చెయ్యాలి. మధ్యలో కాస్త హాయిగా ఉందని కూతకు వెళ్లావంటే మళ్లీ మొదటికే వస్తావు.

శనివారం తిరుపతి బస్సెక్కు. ఎముకల వైద్యం చేసే బర్డ్ ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను. నొప్పి ఏ రోజు, ఏం చేస్తుండగా మొదలైందో, ఏం చేస్తే పెరుగుతోందో ఒక కాగితం మీద రాసుకుని తీసుకురా. వదులు నిక్కరు వేసుకో, పరీక్షకు వీలుగా ఉంటుంది. అక్కకు నా నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య