టెక్ సందేహాలు: కొత్త లాప్‌టాప్‌లో ఆవగింజంత ఐకాన్లు

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే కొమ్మకి కాసినవి, అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి వీటి మీదే కూర్చున్నా. (ఫోన్ బ్యాటరీ ఉబ్బిందని రాసినాయనకి మాత్రం ఒక ముక్క: ఛార్జింగ్ పెట్టడం ఆపేసి ఈరోజే సర్వీస్ సెంటర్‌కి తీసకపోండి, నా జవాబు కోసం ఆగొద్దు.)

మొదటిది కొర్లగుంట నుంచి, స్టూడియో నడిపే అన్న. "పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తానన్నా. పాత కంప్యూటర్ చచ్చిపోతే 15.6 ఇంచుల 4కే స్క్రీన్ లాప్‌టాప్ తీసుకున్నా. ఫోటోలు చూస్తే పట్టుచీర జరీ పోగులు కూడా లెక్కపెట్టొచ్చు, అంత బాగుండాయి. కానీ నా ఫోటోషాప్ సీఎస్6 తెరిస్తే మెనూలు, టూల్స్ అన్నీ చీమల్లా ఉండాయి, లాసో ఏదో క్రాప్ ఏదో తెలీడం లేదు. షాపాయన రిజల్యూషన్ తగ్గించుకోమంటాడు, మా ఆవిడ కళ్ళద్దాలు మార్పించుకోమంటాది. ఎవరి మాట వినాలి?"

ఇద్దరి మాటా వినొద్దన్నా. (రెండోది నేను చెప్పినానని ఇంట్లో అనొద్దు.)

మీ పాతది బహుశా డీటీపీ సెంటర్లలో, నెట్ సెంటర్లలో ఉండే 18.5 ఇంచుల మానిటర్ అయ్యుంటాది, 1366 బై 768ది. అందులో ఒక అంగుళానికి సుమారు 85 చుక్కలు పడతాయి, చుక్కలంటే పిక్సెల్స్. మీ కొత్త స్క్రీన్‌లో అదే అంగుళంలో 282 పడతాయి. ఇప్పుడు ఫోటోషాప్‌లో ఒక ఐకాన్ 16 పిక్సెల్స్ వెడల్పు అనుకోండి, పాత మానిటర్ మీద అది దాదాపు 5 మిల్లీమీటర్లు, అంటే కందిబద్దంత. కొత్త దాని మీద 1.5 మిల్లీమీటర్ కూడా లేదు, ఆవగింజ. ఐకాన్ మారలేదు, అవే 16 చుక్కలు, చుక్కలే ఇరుక్కుని కూర్చున్నాయి. ఆవగింజల మీద మౌస్ గురి పెట్టి రోజుకి పది గంటలు ఆల్బమ్ చేయమంటే ఎవరివల్లవుతాది?

అట్లయితే మీ స్టార్ట్ మెనూ, బ్రౌజర్, ఫోల్డర్లు ఎందుకు మామూలుగానే ఉన్నాయి? అవి సరిగ్గా ఉన్నాయి కాబట్టే మీకు ఫోటోషాప్ మీద అనుమానం వచ్చింది, ఆ అనుమానం కరెక్టే. విండోస్ మొదట్నుంచీ అంగుళానికి 96 పిక్సెల్స్ అని లెక్క వేసుకునేది. స్క్రీన్లు చిక్కబడే కొద్దీ "స్కేల్" అని పెట్టినారు, 125, 150, 200 శాతం అని, మీలాంటి స్క్రీన్‌కి మామూలుగా 250 దాకా పెడతాది. ఆ స్కేల్ వచ్చినాక విండోస్ ప్రతి సాఫ్ట్‌వేర్‌నీ ఒక మాట అడుగుతాది, స్క్రీన్ ఇంత చిక్కగా ఉంది, నీ సైజు నువ్వే పెంచుకుంటావా, నన్ను పెంచమంటావా అని.

పెళ్ళికి వంటమాస్టర్‌ని మూడొందల మంది వస్తారు సామీ సరిపోతాదా అని అడిగితే, "నేను చూసుకుంటా, మీరు పోయి కూర్చోండి" అంటాడు చూడండి, తీరా రెండో పంక్తికే పాయసం గిన్నె గీకతా ఉంటాడు. సీఎస్6 ఆ బాపతు. నేను చూసుకుంటా అని విండోస్‌కి చెప్పేసింది, విండోస్ నమ్మి పక్కకి తప్పుకుంది, అది మాత్రం 96 లెక్కలోనే వడ్డించింది. 2012 నాటి సాఫ్ట్‌వేర్ అది, అప్పటికి ఇంత చిక్కటి స్క్రీన్లు విండోస్ లాప్‌టాప్‌లలో ఎక్కడున్నాయి గనక, పూర్తిగా దాన్నే తిట్టలేం.

ఇదే విషయంలో ఇంకో రకం సాఫ్ట్‌వేర్లు ఉంటాయి, నాకు ఈ సంగతేం తెలీదు మీరే చేయండి అని ఒప్పేసుకునేవి. వాటిని విండోస్ తనే బొమ్మలాగా సాగదీసి చూపిస్తాది, సైజు సరిపోతాది గానీ అక్షరాలు కొంచెం మసక. కాబట్టి ఎవరైనా "నా సాఫ్ట్‌వేర్ సరిగ్గా కనిపించట్లేదు" అంటే నేను మొదట అడిగేది చిన్నగా ఉందా, మసకగా ఉందా అని. చిన్నగా ఉంటే అది మాటిచ్చి తప్పింది, మసకగా ఉంటే నిజం చెప్పింది. నాకు రెండోదే నయం, మసకైనా చదవొచ్చు.

మీరు చేయాల్సిందల్లా ఆ వంటమాస్టర్‌ని పక్కన కూర్చోబెట్టి గరిటె విండోస్ చేతికివ్వడం. ఫోటోషాప్ మూసేయండి. డెస్క్‌టాప్ మీద దాని ఐకాన్‌ని రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి పోండి, పైన కంపాటిబిలిటీ అని ట్యాబ్ ఉంటాది, అందులో కింద "చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్" అని బటన్ (డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలని). నొక్కితే ఇంకో చిన్న విండో వస్తాది, దాంట్లో అడుగున "ఓవర్‌రైడ్ హై డీపీఐ స్కేలింగ్ బిహేవియర్" అనే దానికి టిక్ పెట్టి, కింద లిస్టులో "అప్లికేషన్" అని ఉన్నదాన్ని "సిస్టమ్" చేయండి. ఓకే, మళ్ళీ ఓకే. ఇప్పుడు ఫోటోషాప్ తెరవండి, మెనూలు మనుషులు చదివే సైజులో ఉంటాయి.

లిస్టులో "సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్" అని మూడోది కూడా కనిపిస్తాది, 2017లో విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్‌తో వచ్చింది. పాతకాలం పద్ధతిలో అక్షరాలు గీసే సాఫ్ట్‌వేర్లకి ఇది బాగా పనిచేస్తాది, సాగదీసినా అక్షరం మసకబారదు. అకౌంట్స్, బిల్లింగ్ లాంటి పాత ప్రోగ్రాములకి ముందు దీన్నే పెట్టి చూడండి, గీతలు చెదిరినట్టు కనిపిస్తే ఉత్త సిస్టమ్‌కి మారిపోండి. ఫోటోషాప్ లాంటి వాటికి మాత్రం నేరుగా సిస్టమే.

స్క్రీన్ మీద చోటు తగ్గిపోతాదేమో అని భయపడొద్దు. 250 శాతంలో మీకు దక్కేది 1536 బై 864 కింద లెక్క, మీ పాత మానిటర్ కంటే కొంచెం ఎక్కువే.

కానీ స్టూడియో వాళ్ళకి ఒక చిక్కుంది, ఇది చెప్పకుండా వదిలేస్తే రేపు మీరే నన్ను తిడతారు. సిస్టమ్ అని పెట్టినాక విండోస్ మెనూల్ని ఒక్కదాన్నే సాగదీయదు, లోపలున్న ఫోటోని కూడా కలిపి సాగదీస్తాది. జూమ్ 100 శాతం అని కనిపిస్తా ఉంటాది గానీ ఫోటోలో ఒక్కో పిక్సెల్ స్క్రీన్ మీద రెండున్నర పిక్సెల్స్ వెడల్పుకి పరుచుకుని ఉంటాది. దాంతో పెళ్ళికూతురు కళ్ళు ఫోకస్‌లో లేవేమో అనిపిస్తాది, మీరు షార్పెన్ ఇంకొంచెం, ఇంకొంచెం అని పెంచతా పోతారు, ప్రింటు వచ్చినాక చూస్తే మొహమంతా ఇసుక చల్లినట్టు. కాబట్టి కటింగు, సెట్టింగు, పేజీ డిజైను అంతా ఫోటోషాప్‌లో చేసుకోండి, షార్ప్‌నెస్ మాత్రం ఫైల్ సేవ్ చేసి విండోస్ ఫోటోస్ యాప్‌లో తెరిచి చూసుకోండి, అది స్క్రీన్‌ని పూర్తిగా వాడుకుంటాది.

ఇదంతా వద్దు అనుకుంటే కొత్త వెర్షన్‌కి పోవడమే. 2014లో వచ్చిన ఫోటోషాప్ సీసీలో 200 శాతం ఆప్షన్ మొదలైంది, తర్వాత్తర్వాత వెర్షన్లు విండోస్ స్కేల్‌ని చూసి తమంతట తామే సైజు పెంచుకుంటాయి. కానీ అది నెలనెలా డబ్బు కట్టే వ్యవహారం, ముహూర్తాలున్న నెలల్లోనే గల్లా నిండే పనికి అది కుదురుతాదో లేదో మీకే తెలుసు.

ఇంక షాపాయన చెప్పిన రిజల్యూషన్ మాట. మీ 4కే స్క్రీన్‌లో అడ్డంగా ఉండే 3840 చుక్కల్ని 1366 చేస్తే ఒక్కో పిక్సెల్‌కి 2.81 చుక్కలు రావాలి, పాయింట్ ఎనభై ఒక్క చుక్క అని ఒకటి ఉండదు కదా, అంచులన్నీ అలికేసినట్టు అవుతాయి. అంతగా తప్పకపోతే 1920 బై 1080 పెట్టండి, సరిగ్గా సగం కాబట్టి కాస్త నయం. కానీ 4కేకి డబ్బులు పోసి దాన్ని సగానికి నరుక్కోవడమంటే నాకు మనసొప్పదు. రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగుల చిట్టాలో, ఏదో మార్చి, ఒక మానిఫెస్ట్ ఫైల్ పక్కన పెట్టమని పాత వీడియోలు కూడా కనిపిస్తాయి. 2017కి ముందు ఆ తంటా పడక తప్పేది కాదు, ఇప్పుడు అవసరం లేదు, పైగా అది మెషీన్ మొత్తానికి తగులుకుంటాది, చేయొద్దు.

చిత్తూరు నుంచి ఆడిటర్ ఆఫీసులో చేసే ఒకమ్మాయి ప్రశ్న: "మీరు ఎప్పుడో చెప్పిన ప్రాపర్టీస్ పద్ధతి చేద్దామంటే మా సాఫ్ట్‌వేర్ ఐకాన్‌లో ఆ కంపాటిబిలిటీ ట్యాబే రావట్లేదు సార్, పాస్‌వర్డ్ అడిగే బాక్స్ అయితే అగ్గిపెట్టె అంత ఉంది, 14 ఇంచుల 2880 బై 1800 స్క్రీన్."

ఆ సాఫ్ట్‌వేర్ జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో రాసింది అయ్యుంటాదమ్మా. మీరు నొక్కే ఐకాన్ వెనకుండేది జార్ ఫైల్, దానికి ఆ ట్యాబ్ ఉండదు. అసలు నడిచేది "జావాడబ్ల్యూ" అనే ఇంకో ప్రోగ్రాము. సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తాది. డీటెయిల్స్‌లోకి పోయి జావాడబ్ల్యూని వెతికి రైట్ క్లిక్ చేస్తే ఓపెన్ ఫైల్ లొకేషన్ అని ఉంటాది, అది చూపించిన ఫైల్‌కి పైన స్టూడియో అన్నకి చెప్పిందే చేయండి, సిస్టమ్ అని. ఆ జావాతో నడిచే మిగతా ప్రోగ్రాములకి కూడా ఇది వర్తిస్తాది, అదేం నష్టం కాదు. జావా 8 దాకా విండోస్‌లో ఈ బాధ ఉండేది, 2017లో వచ్చిన జావా 9 నుంచి స్కేల్‌ని అదే చూసుకుంటాది, కానీ పాత సాఫ్ట్‌వేర్లు తమ వెంట పాత జావానే మోసుకొస్తాయి, దాన్ని తీసి కొత్తది పెడితే తెరుచుకోకుండా పోయినా పోవచ్చు, రిటర్నుల సీజన్‌లో ఆ ప్రయోగం చేయొద్దు.

అదే టాస్క్ మేనేజర్‌లో ఒక మంచి కిటుకుంది. డీటెయిల్స్‌లో పైనుండే పేర్ల వరస మీద రైట్ క్లిక్ చేసి సెలెక్ట్ కాలమ్స్‌లో "డీపీఐ అవేర్‌నెస్" టిక్ చేయండి. ఏ ప్రోగ్రాము విండోస్‌కి ఏం చెప్పిందో పక్కనే కనిపిస్తాది. ఈ కాలమ్‌లో "సిస్టమ్" అంటే ఇందాక లిస్టులో మనం పెట్టింది కాదు, నా సైజు నేనే చూసుకుంటా అని ఆ ప్రోగ్రాము చెప్పిందని; అట్లుండి కూడా చీమలా ఉందంటే దొంగ దొరికినట్టే. సెట్టింగ్ మార్చి మళ్ళీ తెరిచినాక అక్కడ "అన్‌అవేర్" అని, అంటే నాకేం తెలీదు మీరే చేయండి అని, మారాలి, మారలేదంటే మీరు వేరే ఫైల్‌కి సెట్టింగ్ పెట్టినారని అర్థం. నేను మా ఇంటి సీసీ కెమెరా చూసే సాఫ్ట్‌వేర్‌కి అరగంట ఇట్లే కొట్టుకున్నా, కంపెనీ పేరెందుకులే, ఐకాన్ ఒక ఫైల్‌ని తెరిస్తే అది ఇంకో ఫైల్‌ని తెరుస్తాది, నేను మొదటిదానికి మార్చతా కూర్చున్నా, ఈ కాలమ్ చూసినాకే తెలిసింది.

చంద్రగిరి నుంచి రిటైరైన అయ్యవారు రాసినారు, ఆయనది ఉల్టా కేసు. "పేపరు చదవడానికి అక్షరాలు చిన్నగా ఉన్నాయంటే మా మనవడు 200 అని ఏదో పెట్టి వెళ్ళాడు, అక్షరాలు పెద్దవయ్యాయి గానీ ప్రింట్ ఇద్దామంటే ఓకే బటన్ స్క్రీన్ కిందకి పోయింది, కనపడదు."

అయ్యవారూ, మీది 1920 బై 1080 అని రాసినారు, 200 పెడితే మిగిలేది 960 బై 540, పాత కాలం ప్రింట్ బాక్సులు కొన్ని అంతకంటే పొడుగుంటాయి, అందుకే బటన్ గడప దాటిపోయింది. కీబోర్డులో విండోస్ గుర్తు బటన్, ఐ కలిపి నొక్కి, సిస్టమ్, డిస్‌ప్లేలోకి పోయి స్కేల్‌ని 125కో 150కో దించండి. పేపరు కోసం బ్రౌజర్‌లో కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం పైకి తిప్పండి, ఆ పేజీ ఒక్కటే పెద్దదవుతాది. మెనూ అక్షరాలు కూడా పెద్దగా కావాలంటే సెట్టింగ్స్‌లోనే యాక్సెసబిలిటీలో టెక్స్ట్ సైజ్ అని జరిపే గీత ఉంటాది, 225 శాతం దాకా పోతాది, అది అక్షరాల్ని మాత్రమే పెంచుతాది. ఇప్పటికిప్పుడు ప్రింట్ కావాలంటే బాక్స్ తెరిచి ఊరికే ఎంటర్ కొట్టండి, చాలావాటిలో ఓకే నొక్కినట్టే. మనవడిని ఏమనొద్దు, మంచి ఉద్దేశంతోనే చేసినాడు.

చివరిది తిరుపతిలో ఇంటి నుంచే బెంగళూరు ఆఫీసు పని చేసుకునే తమ్ముడిది. లాప్‌టాప్ స్క్రీన్ 150లో ఉంది, పక్కన 24 ఇంచుల ఫుల్ హెచ్‌డీ మానిటర్ 100లో ఉంది, పొద్దున కేబుల్ తగిలిస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒకదాంట్లో సరిగ్గా, ఇంకోదాంట్లో మసకగానో బుడ్డగానో వస్తున్నాయట.

విండోస్ 8.1 నుంచి ఒక్కో మానిటర్‌కి ఒక్కో స్కేల్ పెట్టుకోవచ్చు తమ్ముడూ, కానీ పాత సాఫ్ట్‌వేర్లు మాత్రం నువ్వు సైన్ ఇన్ అయినప్పుడు మెయిన్ స్క్రీన్‌కి ఏ స్కేల్ ఉందో దాన్నే పట్టుకుని సాయంత్రం దాకా వేలాడతాయి. ఎక్కువసేపు పనిచేసే మానిటర్‌ని డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మెయిన్ చేసుకో, కేబుల్ తగిలించినాక ఒకసారి సైన్ అవుట్ అయి మళ్ళీ సైన్ ఇన్ అవు. అవి అప్పుడు కొత్త లెక్క తీసుకుంటాయి. సైన్ అవుట్ కొట్టేముందు ఫైళ్ళన్నీ సేవ్ చేసుకున్నావో లేదో చూసుకో.