టెక్ సందేహాలు: కామిక్స్ గీయడానికి ఏం కావాలి?

ఫోన్లో, ట్యాబ్‌లో బొమ్మల కథలు గీయడం గురించి కొన్నాళ్లుగా ఉత్తరాలు పోగుపడుతున్నాయి. వాటిని ఈసారి ఒకచోట చేర్చాను. చాలామంది అడిగింది సాఫ్ట్‌వేర్ గురించే. చదువుతుంటే మాత్రం అసలు చిక్కు పేజీ అమర్చుకోవడంలోనే ఉందనిపించింది. అందుకని బటన్ల గురించి అడిగినవాళ్లకి కూడా బొమ్మ గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు.

ప్రశ్న: కామిక్ మొదలుపెట్టాలంటే ఐప్యాడ్ ఉండాల్సిందేనని ఫ్రెండ్స్ అంటున్నారు. నా దగ్గర మామూలు ల్యాప్‌టాప్ ఉంది. పది వేలు దాటి పెట్టలేను. – ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: పది వేలు అక్కర్లేదు. స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్ ఒకటి తీసుకోండి. వాకామ్, హుయాన్, ఎక్స్‌పీ-పెన్ కంపెనీల చిన్న మోడళ్లు ఐదు వేల లోపు దొరుకుతాయి. పెన్నుకి బ్యాటరీ, చార్జింగ్ అవసరం లేనిదే ఎంచుకోండి. డబ్బా మీద ప్రెషర్ లెవెల్స్ (పెన్ను ఎంత గట్టిగా నొక్కారో గుర్తించే మెట్లు) 8192 అని పెద్దక్షరాల్లో వేస్తారు. 2048 ఉన్నా మీ చేతికి తేడా తెలియదు, ఆ అంకె చూసి ఎక్కువ పెట్టొద్దు.

చెయ్యి టేబుల్ మీద, చూపు స్క్రీన్ మీద. మొదట్లో చిరాకు పుడుతుంది. వారం పది రోజులు ఓర్చుకుంటే అలవాటైపోతుంది. అయితే ఒక చిక్కు మాత్రం అలవాటుతో పోదు. మీరు గుండ్రంగా సున్నా చుడతారు, స్క్రీన్ మీద అది కోడిగుడ్డులా పడుతుంది. ట్యాబ్లెట్ గీత స్థలం ఒక నిష్పత్తిలో, మీ స్క్రీన్ ఇంకో నిష్పత్తిలో ఉండటమే దీనికి కారణం. డ్రైవర్ (ట్యాబ్లెట్‌ని కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగ్స్‌లో 'ఫోర్స్ ప్రపోర్షన్స్' లాంటి ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. ఇది తెలియక తమకి బొమ్మలు రావనుకుని పెన్ను పక్కన పడేసినవాళ్లు ఉన్నారు.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే క్రిటా చాలు. పూర్తిగా ఉచితం, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. పేజీలకి పేజీలు గీసే స్థాయికి వచ్చాక జపాన్ వాళ్ల క్లిప్ స్టూడియో పెయింట్ చూడండి. ప్యానెల్‌ని, అంటే ఒక్కో బొమ్మ గడిని, కత్తితో కోసినట్టు రెండు ముక్కలు చేసే పనిముట్టు, దాటిపోయిన గీతని ఇంకో గీత తగిలేదాకా ఒక్కసారిగా చెరిపే వెక్టర్ రబ్బరు అందులో ఉన్నాయి. పుస్తకం మొత్తాన్ని ఒకే ఫైలుగా నడిపే వసతి కావాలంటే మాత్రం ఖరీదు ఎక్కువున్న ఈఎక్స్ వెర్షనే కొనాలి.

ప్రశ్న: నాకు ఫోన్ ఒక్కటే ఉంది. ఐబిస్ పెయింట్‌లో గీస్తున్నా. పెద్ద పేజీ తీసుకుంటే కొన్ని లేయర్లు దాటాక ఇక వేయనివ్వడం లేదు. ర్యామ్ 4 జీబీ. – ఇంటర్ విద్యార్థిని, సూర్యాపేట

జవాబు: యాప్‌ని తిట్టే ముందు చిన్న లెక్క చూడండి. ఏ4 పేజీ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తీసుకుంటే 2480 × 3508 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి నాలుగు బైట్లు. అంటే ఒక లేయరు (ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శక పొర) దాదాపు 35 ఎంబీ. ఇరవై లేయర్లకి 700 ఎంబీ. అదే పేజీని 600 డీపీఐ చేస్తే ఇదంతా నాలుగింతలవుతుంది. ఫోన్ తన పనులు తాను చూసుకోగా మిగిలిన ర్యామ్‌లో ఇది పట్టాలి మరి.

మీ కథ అచ్చు వేయించే ఉద్దేశం లేకపోతే ఏ4 జోలికే వెళ్లొద్దు. ఫోన్లో కిందికి జరుపుతూ చదివే వెబ్‌టూన్ పద్ధతిలో గీయండి. వెబ్‌టూన్ సైట్‌లో సొంతంగా కథలు పెట్టేవాళ్లకి ఒక్కో ముక్క కొలత 800 × 1280. దానికి రెట్టింపు, 1600 × 2560లో గీసి చివర్లో తగ్గించండి. లేయరుకి 16 ఎంబీతో సరిపోతుంది, గీతలూ శుభ్రంగా వస్తాయి.

ఈ పద్ధతిలో కాలం నడిచేది ప్యానెళ్ల మధ్య ఖాళీలో. ఇద్దరు టపటపా మాట్లాడుకుంటుంటే ఖాళీ తక్కువ ఉంచండి. రాత్రి గడిచి తెల్లారిందంటే ఓ బొటనవేలు జరుపుడంత ఖాళీ వదలండి. అచ్చు పేజీలో దాన్ని చిన్న సందుతో సరిపెట్టాలి, ఇక్కడ మీకు కావలసినంత పొడవుంది. ఇక వేలితో గీసినా గీత మొదలూ చివరా సన్నబడేలా ఐబిస్ స్టెబిలైజర్ (గీత వణుకు తగ్గించే పనిముట్టు) సెట్టింగ్స్‌లోనే ఏర్పాటుంది. స్టైలస్ లేదని ఆగిపోకండి.

ప్రశ్న: ఫొటోషాప్‌లో డైలాగులు టైప్ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. 'లక్ష్మి' అని కొడితే ముక్కలు ముక్కలుగా వస్తోంది. అది ఎలాగో సరిచేసినా, మాటలు బెలూన్‌లో పట్టడం లేదు. ఇంగ్లిష్ కామిక్స్‌లో ఉన్నంత చక్కగా ఎందుకు రావు? – ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మొదటిది తేలిక. ఫొటోషాప్ పాత వెర్షన్ అయితే ప్రిఫరెన్సెస్‌లో 'టైప్' విభాగం తెరిచి 'వరల్డ్-రెడీ లేఅవుట్' ఎంచుకోండి. ప్రోగ్రామ్ మూసి తెరిచి, కొత్త ఫైలులో టైప్ చేయండి. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లయిన అను ఫాంట్లలో కొట్టిన మేటర్ ఉంటే దానికి యూనికోడ్ ఫాంట్ పెట్టి లాభం లేదు, పిచ్చి గీతలే కనిపిస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఫొటోషాప్ వద్దనుకుంటే ఇంక్‌స్కేప్‌లో అక్షరాలు పెట్టుకోండి. ఉచితం, తెలుగు ఒత్తులు సరిగ్గా చూపిస్తుంది. పని అయ్యాక అక్షరాలని పాత్‌గా, అంటే మామూలు గీతల ఆకారాలుగా, మార్చేస్తే ఇంకో కంప్యూటర్‌లో ఫాంట్ లేకపోయినా చెదరవు. మార్చే ముందు ఒక కాపీ మాత్రం విడిగా దాచండి, తర్వాత అక్షరదోషం దొరికితే దిద్దుకోవడానికి అదే దిక్కు.

రెండోది సాఫ్ట్‌వేర్ చేతిలో లేదు. ఇంగ్లిష్ కామిక్స్‌లో అన్నీ పెద్దక్షరాలు వేస్తారు. పైకీ కిందికీ ఏమీ పొడుచుకురాదు, వరసలు ఇటుకల్లా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. మనకి పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు, వట్రుసుడి. పై వరసలో 'స్త్రీ' ఉండి, సరిగ్గా దాని కింద 'కీ' పడిందంటే రెండూ ఢీకొంటాయి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే వరసల దూరం అక్షరం ఎత్తుకి సుమారు 120 శాతం. తెలుగుకి 140 నుంచి 150 పెట్టండి. దాంతో బెలూన్ పొడవు పెరుగుతుంది. అందుకే నా ఓటు కోలగుండ్రటి బెలూన్‌కి కాదు, మూలలు గుండ్రంగా తిప్పిన చతురస్రానికి. పైవరస, కిందివరస కూడా నిండుగా పడతాయి.

ఆపైన మన మాటల పొడవు. 'వెళ్ళిపోవాల్సొచ్చింది' ఒక్కటే ఓ వరస తినేస్తుంది. దాన్ని మధ్యలో విరిచి కింది వరసలో వేయకండి, చదివేవాడు తడబడతాడు. మాటే మార్చండి: 'వెళ్లక తప్పలేదు'. రెండు వరసల్లో హాయిగా కూర్చుంటుంది. కామిక్ రాయడంలో సగం పని ఈ కుదింపే. నొక్కి చెప్పాలనుకున్న మాటని ఇంగ్లిష్‌లోలా వాలుగా వంచొద్దు, గుండ్రటి అక్షరం వంగితే జారిపడబోతున్నట్టుంటుంది. బోల్డ్ చేయండి, లేదా సైజు పెంచండి.

ఫాంట్ల కరువు ఇప్పుడు లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, ఎన్టీఆర్, రామభద్ర, బాలూ తమ్ముడు లాంటివి ఉచితంగా ఉన్నాయి. అనేక్ తెలుగు ఫాంట్‌లో అక్షరం వెడల్పు కూడా తగ్గించుకోవచ్చు, ఇరుకు బెలూన్లకి అది వరం. శబ్దాలకి మాత్రం ఫాంట్ వాడకండి. 'ధాం' అని చేత్తో గీసి, ఆ దీర్ఘాన్ని ప్యానెల్ అంచుదాకా లాగి చూడండి. ఆ సౌకర్యం ఇంగ్లిష్‌కి లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, అక్షరాలని ఆఖరి పనిగా పెట్టుకోవద్దు. పెన్సిల్ గీతల దశలోనే డైలాగ్ టైప్ చేసి, అసలు సైజులో ప్యానెల్‌లో పెట్టండి. మిగిలిన చోటే బొమ్మది. ముందు మాట్లాడేవాణ్ణి ఎడమవైపు నిలబెట్టండి. కుడివైపు నిలబెట్టాక బెలూన్ తోకలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి, అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు. తోక నోటివైపు చూపాలి, నోట్లో దూరకూడదు. సగం దూరంలో ఆపేయండి.

ప్రశ్న: నేను హైస్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. ఎనిమిదో తరగతి పిల్లలకి కామిక్స్ నేర్పాలని ఉంది. ల్యాబ్‌లో పాత కంప్యూటర్లే ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టమంటారు? – శ్రీకాకుళం జిల్లా

జవాబు: మాస్టారూ, మొదటి నెల ల్యాబ్ తాళం తీయకండి. ఒక ఏ4 కాగితాన్ని ఎనిమిది భాగాలుగా మడిచి, మధ్యలో ఒక్క కోత పెట్టి మళ్లీ మడిస్తే ఎనిమిది పేజీల బుల్లి పుస్తకం అవుతుంది. అట్టతో కలిపే ఎనిమిది. పిల్లాడికి పేజీ తిప్పడం అంటే ఏమిటో అందులోనే తెలుస్తుంది. ఆశ్చర్యపరిచే బొమ్మ ఎప్పుడూ తిప్పాక కనబడే పేజీలో, అంటే 2, 4, 6, 8లో ఉండాలి. 3లో పెడితే 2 చదువుతుండగానే కన్ను అటు పోతుంది.

కథకి పెద్ద సంగతేం వద్దు. బస్సు తప్పిపోయింది, అంతే. నాలుగు ప్యానెళ్లు ఇవ్వండి. ఒకటి, దూరం నుంచి బస్టాండు. రెండు, చిల్లర లెక్కపెడుతున్న చెయ్యి ఒక్కటే, దగ్గరగా. మూడు, దుమ్ము, బస్సు వెనకభాగం. నాలుగు, మొహం. చాలామంది పిల్లలు నాలుగింటిలోనూ మనిషిని తల నుంచి కాళ్లదాకా ఒకే దూరంలో గీస్తారు. వారించకండి, ఇద్దరి కాగితాలు పక్కపక్కన గోడకి అంటించండి, వాళ్లకే తెలుస్తుంది. తర్వాత ఒక ప్యానెల్‌ని చేత్తో మూసి, కథ ఇంకా అర్థమవుతోందా అని వేరే పిల్లల్ని అడగండి. అర్థమైతే ఆ ప్యానెల్ దండగ. మూడోది మూస్తే కథే పోతుంది. రెండోది మూస్తే కథ ఉంటుంది గానీ బస్సు ఎందుకు తప్పిందో పోతుంది. పిల్లలు దీనిమీద బాగా వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి.

బస్సు మొదటి ప్యానెల్‌లో కుడివైపు మొహం పెట్టి ఉంటే మూడోదాంట్లోనూ కుడికే పోవాలి. ఎడమకి తిప్పితే తిరిగొస్తోందనుకుంటారు. ఇంకో సులువైన పరీక్ష ఏమిటంటే, మనుషుల ఆకారాలని పూర్తిగా నల్లగా నింపేసినా ఎవరు ఏం చేస్తున్నారో తెలియాలి.

ఇవి వచ్చాక ల్యాబ్‌కి వెళ్లండి. బొమ్మల్ని ఫోన్‌తో, కిటికీ పక్క వెలుగులో, నీడ పడకుండా ఫొటో తీయండి. జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'కలర్ టు ఆల్ఫా' ఫిల్టర్‌తో తెల్ల కాగితాన్ని తీసేస్తే గీత ఒక్కటే మిగులుతుంది. బెలూన్లకి ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ డ్రా చాలు. తోక ఉన్న బెలూన్ ఆకారాలు అందులో ముందే ఉన్నాయి, తెలుగు బాగా పలుకుతుంది, పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది.

ప్రశ్న: క్రిటాలో బకెట్‌తో రంగు నింపితే గీత పక్కన సన్నటి తెల్ల అంచు మిగిలిపోతోంది. – యానిమేషన్ విద్యార్థి, విజయవాడ

జవాబు: గీత అంచు పిక్సెళ్లు సగం పారదర్శకంగా ఉంటాయి, బకెట్ అక్కడ ఆగిపోతుంది. గీతల లేయరు పైన, రంగుల లేయరు కింద ఉంచండి. ఫిల్ టూల్ ఆప్షన్లలో 'గ్రో' దగ్గర 2 పిక్సెళ్లు ఇవ్వండి. రంగు గీత కిందికి దూరిపోతుంది. పేజీ నిండా రంగులుంటే 'కలరైజ్ మాస్క్' నేర్చుకోండి, ఒక్కో చోట చిన్న రంగు గీత గీస్తే మిగతాది అదే నింపుకుంటుంది.

ప్రశ్న: స్క్రీన్ మీద అద్భుతంగా ఉన్న రంగులు ప్రెస్‌లో చచ్చిపోయాయి. నల్ల గీతల చుట్టూ రంగు నీడలు కూడా వచ్చాయి. – బెంగళూరు

జవాబు: స్క్రీన్ ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) వెలుగు, అచ్చు సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) సిరా. రాణీ పింక్, చిలకాకుపచ్చ, మెరిసే నీలం సిరాలో ఆ స్థాయికి రావు. వాటి మీద కథ ఆధారపడకుండా చూసుకోండి. క్రిటాలో సాఫ్ట్ ప్రూఫింగ్ ఆన్ చేస్తే అచ్చులో ఎలా ఉంటుందో కొంత ముందే తెలుస్తుంది.

నీడలకి కారణం, మీ నలుపు నాలుగు సిరాల కలయికగా మారడం. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా రంగు బయటపడుతుంది. గీతలూ అక్షరాలూ ఒక్క నల్ల సిరాతోనే రావాలని ప్రెస్ వాళ్లకి చెప్పండి. ఈసారి పేజీకి నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా గీసి, మాటల్ని అంచు నుంచి కనీసం 5 మిల్లీమీటర్లు లోపలికి జరపండి. సెంటర్ పిన్ పుస్తకమైతే పేజీలు నాలుగు గుణిజంలోనే ఉండాలి.

ప్రశ్న: మా అమ్మమ్మ చెప్పిన కథల్ని ఏఐతో కామిక్‌గా చేస్తున్నా. ప్యానెల్ ప్యానెల్‌కీ మొహం మారిపోతోంది. పుస్తకంగా అమ్మితే హక్కులు నాకుంటాయా? – డల్లాస్

జవాబు: మీరున్న దేశంలోనే దీనికో ఉదాహరణ ఉంది. మిడ్‌జర్నీ అనే ఏఐ గీసిన బొమ్మలతో చేసిన ఒక కామిక్ పుస్తకం విషయంలో అమెరికా కాపీరైట్ ఆఫీసు 2023 ఫిబ్రవరిలో నిర్ణయం చెప్పింది. రాసిన మాటలకీ, బొమ్మల్నీ మాటల్నీ ఎంచి అమర్చిన తీరుకీ రక్షణ ఉంటుంది, విడివిడి ఏఐ బొమ్మలకి ఉండదు. అంటే మీ కథ, మీ పేజీ అమరిక మీవే. అమ్మమ్మ మొహం మాత్రం ఎవరైనా వాడుకోవచ్చు.

మొహం మారకుండా ఉండాలంటే నా సలహా పాతకాలపుదే. అమ్మమ్మని ఎదురుగా, పక్కనుంచి, ముప్పావు తిప్పి ఒకే కాగితం మీద మీరే గీసుకోండి. బొట్టు సైజు, ముక్కుపుడక ఏ వైపు, కొప్పు ఎత్తు తేల్చుకోండి. వంకరగా వచ్చినా ఫరవాలేదు. ముప్పై ప్యానెళ్లలో ఒకేలా వంకరగా ఉంటే అదే ఆవిడ మొహం అవుతుంది. బెలూన్లలో తెలుగు మాత్రం ఏఐతో రాయించకండి, ఒత్తులు దానిష్టం వచ్చినట్టు పెడుతుంది.

ప్రశ్న: పెన్ను ఎంత గట్టిగా నొక్కినా క్రిటాలో గీత ఒకే మందంలో వస్తోంది. వేరే ప్రోగ్రామ్‌లో బాగానే ఉంది. – నెల్లూరు

జవాబు: విండోస్‌లో అయితే 'కాన్ఫిగర్ క్రిటా' తెరిచి, ట్యాబ్లెట్ సెట్టింగ్స్‌లో చూడండి. పెన్ను సంకేతాన్ని చదివే పద్ధతులు అక్కడ రెండుంటాయి. విన్‌ట్యాబ్ ఉంటే విండోస్ ఇంక్‌కి, విండోస్ ఇంక్ ఉంటే విన్‌ట్యాబ్‌కి మార్చి, క్రిటాని మళ్లీ ఓపెన్ చేయండి. డ్రైవర్‌లో కూడా అదే ఎంపిక ఉండాలి. అప్పటికీ రాకపోతే మీరు ఎంచుకున్న బ్రష్‌కే ప్రెషర్ ఆఫ్ అయి ఉండొచ్చు. బ్రష్ ఎడిటర్‌లో 'సైజ్' పక్కన టిక్ ఉందో లేదో చూడండి.