చూడకుండానే తెగిన పోగును వేళ్లు ఎలా అతుకుతాయి?

గద్వాలలో మగ్గం మీద చేయి తిరిగినవాళ్లు తెగిన పోగును దాదాపు చూడకుండానే అతికేస్తారు. ఎలాగంటే, వేలికొనల స్పర్శ వెన్నుపాము, థాలమస్ (మెదడు మధ్యలో ఉండే సంకేతాల కూడలి) మీదుగా మెదడులోని స్పర్శ ప్రాంతానికి చేరుతుంది. కదలికలను నడిపే ప్రాంతం దానికి ఆనుకునే, ముందువైపు ఉంటుంది.

అసలు విషయం ఇక్కడుంది. పోగును మెలిపెట్టే ముందే, ఎలాంటి స్పర్శ రావాలో చిన్నమెదడు అంచనా కడుతుంది. పోగు జారితే ఆ లెక్క తప్పుతుంది, సుమారు 0.1 సెకనులో, మనకు తెలిసేలోపే, వేళ్ల పట్టు బిగుస్తుంది. ఇలాంటి తేడాల నుంచే మెదడు నేర్చుకుంటుంది, సాధన కొద్దీ నాడీకణాల మధ్య లింకులు బలపడతాయి. అందుకే కొత్తవాళ్లను పక్కన కూర్చోబెట్టి చూపిస్తే చాలదు, పోగు వాళ్ల చేతికే ఇవ్వాలి. వేళ్లకు మత్తు ఇంజెక్షన్ ఇస్తే, కండరాలు బాగానే పనిచేస్తున్నా ఎంత అనుభవజ్ఞులైనా తడబడతారు.