పాత కారులో ఎమిషన్స్ సామాను పీకించెయ్యమంటారా?

ప్రశ్న: బాబాయిగారూ, మాది రాజోలు దగ్గర. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. చిన్నప్పటి నుంచి ఉన్న సరదా కొద్దీ 1978 మోడల్ షెవర్లే కమారో కొన్నాను. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ కొట్టుకుంటోంది, ఎత్తు మీద లాగడం లేదు. ఎమిషన్స్ సామానంతా, అంటే పొగ కాలుష్యం తగ్గించే పరికరాలన్నీ, పీకేస్తే పవర్ వస్తుందని ఇక్కడి స్నేహితులు అంటున్నారు. వచ్చే ఏడాది స్మాగ్ టెస్టుకి (బండి పొగ పరీక్షకి) వెళ్లాలి. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: పీకించకు నాయనా. ఒక్క గొట్టం కూడా తియ్యద్దు.

సంక్రాంతికి పాలకొల్లు వచ్చి ఉన్నాను. నీ ఉత్తరం మా అన్నయ్యకి చదివి వినిపించాను. రొయ్యల చెరువుల దగ్గర డీజిల్ ఇంజన్లు బాగుచేస్తూ ముప్పై ఏళ్లు గడిపిన మనిషి. అమెరికా చట్టాలేవీ ఆయనకి తెలియవు. అంతా విని, "మురుగు కాలువ పూడ్చేసి పంట కాలువలో నీళ్లు పెరిగాయి అనుకుంటే ఎలాగ్రా?" అన్నాడు. డెల్టాలో పుట్టినవాడివి, నీకు వేరే వివరించక్కర్లేదు.

నీ ఇంజన్‌లో అసలైన మురుగు కాలువ పీసీవీ వాల్వు. పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి జారిన పొగని మళ్లీ ఇంజన్‌లోకి పంపి మండిస్తుంది. దాన్ని తీసేస్తే ఆ ఆవిరీ తేమా ఆయిల్‌లో చేరి బురద కడతాయి, సీళ్ల దగ్గర ఆయిల్ కారడం మొదలవుతుంది. ఈజీఆర్ వాల్వు కాలిన పొగని కొద్దిగా వెనక్కి పంపి లోపలి వేడి తగ్గిస్తుంది. అది తీసేసి మిగతావి సరిచెయ్యకపోతే బరువు లాగేటప్పుడు ఇంజన్ లోపల టకటకమని చప్పుడయ్యే (నాకింగ్) ప్రమాదం ఉంది. బొగ్గు డబ్బా పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచుతుంది. అది లేని బండిని ఇంటికి ఆనుకున్న గరాజ్‌లో పెడితే రాత్రంతా ఇంట్లో పెట్రోలు వాసనే. పిల్లలున్న ఇంట్లో ఆ వాసన పీల్చి నేను చాలా బాధపడ్డాను.

ఎందుకంటే నేను కొన్న మొదటి పాత కారు అలాంటిదే. 1977 మోడల్. ముందు యజమాని అన్నీ పీకేసి చెత్తలో పడేశాడు. టెస్టులో పొగ చూడకముందే బానెట్ ఎత్తి చూసి ఫెయిల్ చేశారు. పాత బళ్ల యార్డులన్నీ తిరిగి ఒక్కొక్క ముక్కా వెతికి బిగించేసరికి ఏడు నెలలు పట్టింది. నువ్వు ఆ పాట్లు పడకూడదు.

పవర్ సంగతి చెబుతాను, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. క్యాడిలాక్ ఎల్డొరాడోకి 1971లో 365 హార్స్‌పవర్ అని రాశారు, 1972లో 235 అని రాశారు. ఇంజన్ అదే. మారింది కొలత. అంతకుముందు ఆల్టర్నేటర్, ఫ్యాన్, అసలు సైలెన్సర్ లేకుండా బెంచి మీద పెట్టి కొలిచేవారు. 1972 నుంచి కారులో ఉన్నది ఉన్నట్టు బిగించి కొలిచారు. దానికి తోడు సీసం లేని పెట్రోలుకి పనికొచ్చేలా కంప్రెషన్ (సిలిండర్‌లో పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నొక్కే మోతాదు) తగ్గించారు. గొట్టాలు పీకినంత మాత్రాన తగ్గిన కంప్రెషన్ తిరిగి రాదు.

చట్టం కూడా తెలుసుకో. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు పెట్రోలు బళ్లకి స్మాగ్ టెస్టు లేదు. నీది 1978, రెండేళ్లకోసారి తప్పదు. 1975 బండైనా టెస్టు ఒక్కటే మినహాయింపు, సామాను పీకడానికి అనుమతి కాదు. అలా పీకడాన్ని ఒప్పుకోని ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ దేశమంతటా వర్తిస్తుంది. టెక్సస్‌లో పాతికేళ్లు దాటిన బళ్లకి పొగ టెస్టు లేదని, డాలస్‌లోని బావమరిది అడ్రస్ మీద రిజిస్టర్ చెయ్యమని కూడా నీకు ఎవరో ఒకరు చెబుతారు. వీసా మీద ఉన్నవాడివి, ఏ సర్కారు కాగితం మీదా ఉండని ఇంటి అడ్రస్ రాయకు.

ఇంకో మాట అడగాలి. కాలిఫోర్నియాలో ఇలాంటి బండి అమ్మేటప్పుడు, సొంత కుటుంబంలో చేతులు మారితే తప్ప, స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాడే. టెస్టు చేయించి 90 రోజులు దాటకూడదు. నీకు ఇచ్చారా? ఇచ్చి ఉంటే అప్పటికి సామానంతా ఉన్నట్టే.

ఇక రోగం సంగతి. నలభై ఏళ్లు దాటిన రబ్బరు వాక్యూమ్ గొట్టాలు వేడికి పగులుతాయి. ఇంజన్ కొట్టుకోవడానికి చాలాసార్లు అదే కారణం. ముందు అవన్నీ కొత్తవి వెయ్యి. ఒకదాని తర్వాత ఒకటి మార్చు, అన్నీ ఒకేసారి ఊడదియ్యకు. తర్వాత ఈజీఆర్ చూడు. మసి పట్టి తెరుచుకుని ఉండిపోతే ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ తిరుగుతున్నప్పుడు) సరిగ్గా నువ్వు చెప్పినట్టే కొట్టుకుంటుంది. చేతి వాక్యూమ్ పంపు కొనుక్కో. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా దాంతో వాల్వు తెరిస్తే ఇంజన్ తడబడాలి, వదిలితే సర్దుకోవాలి. ఎత్తు మీద లాగకపోవడానికి టైమింగ్ (స్పార్క్ పడే సమయం), కార్బ్యురేటర్, పూడుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగ గొట్టంలో పొగని శుభ్రం చేసే డబ్బా), ఈ మూడూ చూపించు. కన్వర్టర్ మార్చాల్సొస్తే కాలిఫోర్నియా ఆమోదం నంబరు ఉన్నదే, నీ బండికి సరిపోయేదే కొను. చవకగా దొరికిందని వేరే రాష్ట్రం నుంచి తెప్పించుకుంటే ఆ డబ్బు పోయినట్టే.

బానెట్ కింద ఎమిషన్స్ స్టిక్కరు ఉంటుంది. ఏ గొట్టం ఎక్కడికి వెళ్లాలో దాని మీద బొమ్మ ఉంటుంది. అది చిరగకుండా తుడిచి, ఫోటో తీసి నాకు పంపు. కనుమ వెళ్లేదాకా ఇక్కడే ఉంటాను, అన్నయ్యా నేనూ కూర్చుని చూస్తాం.