ఎంఓటీలో కారు సిల్ తుప్పుకి ఫెయిలైందా? వెల్డింగ్ చేయించే ముందు ఇవి చూసుకోండి

బ్రిటన్‌కి కొత్తగా వచ్చి పాత కారు కొన్నవాళ్లలో చాలామందికి మొదటి ఎంఓటీలోనే (కారు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో ఏటా చూసే తప్పనిసరి పరీక్ష) ఎదురయ్యే సమస్య తుప్పు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు తలుపుల కిందుండే సిల్‌ని లోపల్నుంచి తినేస్తుంది. సీటు బెల్టు, సస్పెన్షన్ బిగించిన చోటుకి 30 సెంటీమీటర్ల లోపు రేకు బాగా తినేసి బలం పోతే కారు ఫెయిలే. అక్కడ గుంటలు పూడ్చే ఫిల్లర్ పేస్టు, ఫైబర్ చెల్లవు. కుళ్లిన రేకు కోసేసి, కొత్త ముక్కకి చుట్టూ ఎక్కడా తెగకుండా వెల్డ్ వేయాలి.

"జింక్ పూత రేకే వేస్తున్నాం, ఇక తుప్పు రాదు" అని గ్యారేజీలో చెబితే అక్కడితో ఊరుకోకండి. జింక్ 420 డిగ్రీల సెల్సియస్‌కే కరిగి, 907 దగ్గర ఆవిరైపోతుంది. ఉక్కు కరగాలంటే సుమారు 1500 కావాలి. కాబట్టి వెల్డ్ పడ్డచోట, దాని వెనకవైపు కూడా పూత మిగలదు. పైగా ఆ ఆవిరి కరిగిన లోహంలో చిక్కుకుంటే వెల్డ్ నిండా సూదిబెజ్జాలు పడతాయి. అందుకే అతుకు అంచు నుంచి 25 మిల్లీమీటర్ల మేర జింక్‌ని రుద్ది తీసేయాలి. రేకు మందం 0.8 మిల్లీమీటర్లే, గట్టిగా గ్రైండ్ చేస్తే పలచబడి బొక్క పడుతుంది.

మిగ్ వెల్డింగ్ మెషీన్‌లో (వైరు దానంతటదే ముందుకొచ్చే రకం) 0.6 మిల్లీమీటర్ల వైరు, ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ గ్యాసు సరిపోతాయి. ఒకే ఊపున లాగితే రేకు వంకర తిరుగుతుంది. దూరందూరంగా వెల్డ్ చుక్కలు పెట్టి, చల్లారాక మధ్య ఖాళీలు నింపుకుంటూ రావాలి. ఒకదానిపై ఒకటి కూర్చునే అంచులకి ముందే వెల్డ్-త్రూ జింక్ ప్రైమర్ (వెల్డింగ్‌కి ముందు వేసే జింక్ పూత) పలచగా కొట్టాలి, మూశాక అక్కడికి బ్రష్ వెళ్లదు. ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) తగిలేచోట మాత్రం దాన్ని గీకేయాలి.

సొంతంగా చేసుకునేవాళ్లు జింక్ కాలితే వచ్చే తెల్లపొగ పీల్చొద్దు. కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి. పాలు తాగితే ఏమీ కాదన్న మాట నమ్మకండి. హెల్మెట్ కింద పీ3 (సన్నటి పొగని కూడా ఆపే) ఫిల్టర్ మాస్కు ఉండాల్సిందే, గ్యారేజీ తలుపులు బార్లా తీసి ఉండాల్సిందే. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకుని అసలు వెల్డ్ చేయొద్దు. క్లోరిన్ ఉన్న రకమైతే ఆర్క్ తగలగానే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ప్రాణాలు పోతాయి.

వెల్డ్ చదును చేశాక గరుకుగా రుద్ది, జిడ్డు తుడిచి, రెండు కోట్లు టూ-ప్యాక్ ఎపాక్సీ ప్రైమర్ (రెండు ద్రవాలు కలిపి వాడే అడుగు పూత) కొట్టించండి. మామూలు ఆయిల్ ప్రైమర్ జింక్ మీద సబ్బులా మారి పొరలుగా లేచిపోతుంది. లోహాన్ని యాసిడ్‌తో పట్టుకునే ఎచ్ ప్రైమర్ వాడితే దాని మీద నేరుగా ఫిల్లర్ పెట్టనివ్వకండి, అందులోని యాసిడ్ వల్ల ఫిల్లర్ సరిగా పట్టుకోదు. అతుకుల మీద నీళ్లు దూరకుండా సీమ్ సీలర్, ఆపైన రంగు.

ఇంత చేసినా బాగుపడింది బయటవైపే. లోపల కాలిన చోట పూత లేకుండానే ఉంటుంది, తుప్పు మళ్లీ మొదలయ్యేది అక్కడే. రంగు ఆరాక సిల్‌కున్న రబ్బరు బిరడా తీసి, పొడుగు నాజిల్‌తో లోపలంతా క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పుని ఆపే మైనం) కొట్టించండి. గ్యారేజీవాళ్లు తరచూ వదిలేసే పని ఇదే కాబట్టి బేరం ఆడేటప్పుడే బిల్లులో రాయించుకోండి. కారు తీసుకునేటప్పుడు సిల్ అడుగున నీళ్లు కారే రంధ్రాలు వ్యాక్స్‌తో మూసుకుపోలేదని చూసుకోండి.