సైకిల్ సందేహాలు: మూడు గేర్లా, ఏడా, ఇరవై ఒకటా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం, ఆఫీసు సిరిపురంలో. కాలేజీ రోజుల తర్వాత మళ్లీ ఇప్పుడు సైకిల్ కొనాలనుకుంటున్నాను. వారంలో కొన్ని రోజులు ఆఫీసుకి, రైతుబజారుకి, ఆదివారం మా అమ్మాయితో బీచ్ రోడ్డు మీద రుషికొండ వైపు. అంతే, పందేలేం లేవు. షాపాయన 21 గేర్ల సైకిల్ తీసుకోమంటున్నాడు. నెదర్లాండ్స్‌లో, ఉట్రెక్ట్‌లో ఉండే మా తమ్ముడు “అదంతా వద్దక్కా, వెనక చక్రం ఇరుసు లోపలే గేర్లుండే హబ్ గేరు తీసుకో, నాది కొన్నాక చెయ్యి పెట్టే పనే లేదు” అంటున్నాడు. సంక్రాంతికి వస్తూ అలాంటి చక్రం ఒకటి పట్టుకొస్తానంటున్నాడు కూడా. ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ తమ్ముడు అబద్ధం చెప్పలేదమ్మా. కాకపోతే ఆయన ఉట్రెక్ట్ సంగతి చెబుతున్నాడు. ఆ ఊరు బల్లపరుపు. అక్కడ ఎక్కాల్సినవి కాలవల మీద వంతెనలు, తట్టుకోవాల్సింది ఎదురుగాలి. సైకిల్ వానలోనే రాత్రంతా బయట పడి ఉంటుంది. ఆ ఊరి రైల్వే స్టేషన్ దగ్గర సైకిల్ స్టాండులో 12,500 సైకిళ్లు పడతాయి. అలాంటి ఇరుకులో పక్క సైకిల్ తగిలిందంటే డిరైలర్ వంగిపోతుంది. డిరైలర్ అంటే వెనక చక్రం పక్కన వేలాడుతూ, చైనుని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి నెట్టేది. మీ షాపాయన చూపించే సైకిల్‌కి ఉండేది అదే.

హబ్ గేరులో ఆ సరంజామా అంతా డబ్బా లోపల ఉంటుంది. ఇరుసుకి కదలకుండా ఒక పళ్లచక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటిని చుట్టి ఒక పళ్ల వలయం. ఏది దేన్ని తిప్పాలన్నది మారితే గేరు మారుతుంది. కొత్త వింతేం కాదు, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో స్టర్మీ-ఆర్చర్ వాళ్లు 1900ల మొదట్లోనే మూడు గేర్ల హబ్ చేశారు.

ఇక లెక్క. లెక్క అనగానే పేజీ తిప్పకండి, మీ జవాబు అందులోనే ఉంది. షిమానో కంపెనీ నెక్సస్ మూడు గేర్ల హబ్‌లో మొదటి గేరు 0.733, రెండోది 1, మూడోది 1.364. అంటే వెనక పళ్లచక్రం ఒక చుట్టు తిరిగితే చక్రం అన్ని చుట్లు తిరుగుతుందన్నమాట. ముందు 38 పళ్లు, వెనక 19 పళ్లు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం మొదటి గేరులో 1.47 చుట్లు, రెండో గేరులో 2, మూడో గేరులో 2.73 చుట్లు తిరుగుతుంది. ఈ అంకె తగ్గేకొద్దీ తొక్కడం తేలిక. ఇప్పుడు ఆ 38 పళ్లకే వెనక మామూలు ఏడు గేర్ల ఫ్రీవీల్, అంటే 14 నుంచి 28 పళ్ల వరకు ఉండే ఏడు పళ్లచక్రాల గుత్తి పెట్టి చూడండి. 1.36 నుంచి 2.71 వరకు వస్తుంది. చూశారా? అటు మూడు గేర్లు, ఇటు ఏడు, ఆ కొస నుంచి ఈ కొసకి దూరం మాత్రం దాదాపు ఒకటే. ఏడు గేర్లలో మధ్య మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, అంతే తేడా. చదును రోడ్డు మీద మామూలుగా తొక్కేవాళ్లకి ఆ మధ్య మెట్లు అంతగా అక్కర్లేదు. అందుకే మీ తమ్ముడు హాయిగా ఉన్నాడు.

మరి ఇరవై ఒకటి? ముందు 42, 34, 24 పళ్లవి మూడు, వెనక 14 నుంచి 28 దాకా ఏడు. ముందు 42తో వెనక 24 వేస్తే 1.75. ముందు 34తో వెనక 20 వేస్తే 1.7. ముందు 24తో వెనక 14 వేస్తే 1.71. ఒకే గేరుకి మూడు పేర్లు! ఇలాంటివి తీసేస్తే 21లో విడివిడిగా మిగిలేవి చాలా తక్కువ. పైగా ముందు ఒక డిరైలర్, దానికో వైరు, ఎడమ చేతికో లివరు, అది సరిగ్గా లేనప్పుడల్లా చైను ఊడి పడటం. ముందు ఉండే ఆ 24 పళ్ల చిన్న చక్రం పనికొచ్చేది కైలాసగిరి ఎక్కేవాళ్లకి. మీరు ఎక్కుతారా? ఎక్కరు. షాపాయన మాట పక్కన పెట్టేయండి.

అలాగని మన ఊరు ఉట్రెక్టూ కాదు. బీచ్ రోడ్డు నుంచి సిరిపురం రావాలంటే పాండురంగాపురం డౌన్ ఎదురు ఎక్కాలి. రుషికొండ వైపు వెళ్తే తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు ఉండనే ఉంది. అక్కడ హబ్ మొదటి గేరు 1.47తో తొక్కితే ఇన్నేళ్ల తర్వాత సైకిలెక్కిన మోకాళ్లు మొరాయిస్తాయి. హబ్‌లో వెనక పళ్లు పెంచి కొంత తేలిక చేసుకోవచ్చు గానీ, దానికి కంపెనీ ఒక హద్దు పెడుతుంది. ఆ హద్దు దాటితే లోపలి పళ్ల మీద బరువు ఎక్కువవుతుంది. డిరైలర్‌కి ఆ ఇబ్బంది లేదు. అదే ఏడు గేర్లలో 14 నుంచి 34 పళ్ల ఫ్రీవీల్ దొరుకుతుంది. 38ని 34తో భాగిస్తే 1.12. హబ్ మొదటి గేరు కన్నా సుమారు నాలుగో వంతు తేలిక. ఎత్తు మీద ఆ నాలుగో వంతే మిమ్మల్ని దిగి నడిపించకుండా కాపాడుతుంది.

కాబట్టి నా మాట: ముందు ఒకే పళ్లచక్రం, వెనక ఏడు గేర్లు, అందులో పెద్దది 34 పళ్లది. షాపులో గేర్లెన్నో అడగొద్దు, వెనక పెద్ద చక్రానికి పళ్లెన్నో అడగండి. చెప్పలేకపోతే మీరే కూర్చుని లెక్కపెట్టండి, మొహమాటపడొద్దు. డిరైలర్ బిగించే హ్యాంగర్ విడిగా మార్చుకునేలా ఉందో లేదో కూడా చూడండి. స్టాండు మీంచి సైకిల్ కుడివైపు పడితే ముందు వంగేది అదే.

హబ్ గేరుకి రెండు మంచి గుణాలున్నాయి, అవి మీరు వదులుకుంటున్నట్టే. ఒకటి, మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగాక నిలబడే మొదటి గేరుకి మార్చుకోవచ్చు. డిరైలర్‌తో ఆగకముందే, పెడల్ తొక్కుతూనే మార్చేసుకోవాలి. (హబ్‌లో తొక్కుతూ మారిస్తే ఒక్క క్షణం కాలి బలం తగ్గించాలి, లేకపోతే లోపల కొట్టుకుంటుంది.) రెండు, చైను మొత్తం కవర్‌లో దాక్కుంటుంది. చున్నీ, చుడీదార్ సంగతి ఒకటైతే, ఉప్పుగాలి ఇంకొకటి. బీచ్ రోడ్డు సైకిళ్ల చైన్లు ఎంత తొందరగా తుప్పు పడతాయో మా షాపుకొచ్చి చూడండి. డిరైలర్ సైకిల్ కొంటే వారానికోసారి పొడిగుడ్డతో చైను తుడిచి రెండు చుక్కల నూనె వెయ్యక తప్పదు. ఏ రకమైనా సరే, బైకులు కడిగే ప్రెషర్ గన్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు. ఇరుసులోకి నీళ్లు దూరతాయి.

పంక్చరు పేరు చెప్పి హబ్ గేరు అంటే భయపెడతారు కొందరు. మన పంక్చరు షాపుల్లో చక్రం ఊడదీస్తారా ఏమన్నా? టైరు ఒక పక్క తప్పించి, ట్యూబు బయటికి లాగి అతుకేస్తారు. హబ్ గేరుకీ అంతే. తంటా అంతా టైరు మార్చేటప్పుడు. గేరు వైరు విప్పాలి, 15 నంబరు స్పానరుతో నట్లు తీయాలి, ఇరుసు తిరక్కుండా ఆపే వాషర్లు ఏ పక్కవి ఆ పక్కే వెయ్యాలి, చైను బిగువు చూడాలి, చివర్లో రెండో గేరులో పెట్టి గుర్తు గీతల మధ్యకి వచ్చిందో లేదో సరిచూడాలి. అది కుదరకపోతే తొక్కుతుండగా గేరు జారి కాలు ఒక్కసారి కిందికి పోతుంది. ఈ పని తెలిసిన మెకానిక్ మీ వీధిలో ఉన్నాడా? నాకైతే అనుమానమే.

అయినా తమ్ముడు ప్రేమగా తెస్తానంటే వద్దనకండి. చక్రం మాత్రం వద్దు, హబ్ ఒక్కటే తెమ్మనండి. అక్కడి 28 అంగుళాల రిమ్ము ఎక్కువగా 622 మిల్లీమీటర్లది, మన పాత 28 అంగుళాల సైకిళ్లది 635. పేరు ఒకటే, టైరు ఎక్కదు. ఇక్కడి రిమ్ముకి ఇక్కడే స్పోకులు అల్లించుకోవచ్చు. హబ్ పెద్దది కాబట్టి స్పోకులు పొట్టివి పడతాయి. రిమ్ముకెన్ని కన్నాలో ముందే లెక్కపెట్టి చెప్పండి. ఫ్రేము వెనక ఇరుసు కూర్చునే చోట వెడల్పు కొలిచి ఆ కొలత కూడా పంపండి. హబ్‌తో పాటు లివరు, వైరు, ఇరుసులో దూరే సన్నటి పుల్ల, వాషర్లు, అన్నీ తేవాలి. వాటిలో ఒక్కటి మర్చిపోయినా ఇక్కడ వెతుక్కోవడం కష్టం. ఇంకో మాట, అక్కడ పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడే హబ్‌లు ఎక్కువ. అది కాకుండా మామూలుది తెమ్మనండి. దాన్ని గేర్లు లేని లేడీస్ సైకిల్‌కి బిగించండి. దానికి ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉంటుంది, చైను బిగువు సరిచేసుకోవడానికి వీలవుతుంది. రైతుబజారుకి, చదునుకి మీ అమ్మాయి అది తీసుకుంటుంది. సిరిపురానికి మాత్రం మీరు ఏడు గేర్లదే తీయండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ సైకిల్ ప్రకటనలో “హబ్ మోటార్, 7 స్పీడ్” అని ఉంది. అంటే అది హబ్ గేరేనా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కాదు బాబూ. హబ్ మోటార్ అంటే చక్రం ఇరుసులో మోటార్ ఉందని. మోటార్ వెనక చక్రంలో ఉంటే గేర్ల డబ్బాకి అక్కడ చోటే ఉండదు. ఆ ఏడు స్పీడ్లూ పక్కన ఫ్రీవీల్ మీద, డిరైలర్‌తో మారేవే. వెనక హబ్ గేరు కావాలంటే మోటార్ పెడల్స్ దగ్గరన్నా ఉండాలి, ముందు చక్రంలోనన్నా ఉండాలి. ప్రకటన పక్కన పెట్టి, సైకిల్ వెనక కుడివైపు ఫొటో అడగండి. చైను కింద రెండు చిన్న చక్రాలతో ఒక చెయ్యి వేలాడుతుంటే అది డిరైలర్.